బొత్తాలత్త విప్పని కోటు

మా కాలేజీలో లైబ్రరీ వెనక, మెట్ల కింద ఒక గది ఉండేది. ఒకప్పుడు అందులో విరిగిన కుర్చీలు పడేసేవారు. ఆ కుర్చీలనే కాస్త పక్కకు నెట్టి, ఒక కుట్టుమిషను వేసి, హాస్టలు కర్టెన్లూ దుప్పట్లూ కుట్టడానికి ఒకావిణ్ణి పెట్టారు. ఆవిడకూ ఒక పేరుంది, జీతాల రోజున ఆఫీసువాళ్ళు దాంతో పిలిచేవారు. మిగతా రోజుల్లో అందరికీ ఆవిడ బొత్తాలత్తే. నేను లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే ఉద్యోగం చేసి ఈ మధ్యే దిగిపోయాను. మా ఇద్దరి గదుల మధ్య ఒక్క గోడే అడ్డం. నేను ఆవిణ్ణి వదినా అనేదాన్ని, ఆవిడ నన్ను వదినా అనేది. ఎవరు ఎవరికి వదినో మేం ఏనాడూ తేల్చుకోలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. లైబ్రరీలో గుసగుసలాడినవాళ్ళు నా కళ్ళు చూసే బయటికి నడిచేవారు. బొత్తాలత్తకు కోపం రావడం మాత్రం నేను చూడలేదు. అదే నాకు మరింత కోపం తెప్పించేది.

ఏటా పిల్లలు హాస్టలు ఖాళీ చేసేటప్పుడు ఆ వరండాలు చూడాలి. చొక్కాలు, స్వెటర్లు, చక్రం ఊడిన సూట్‌కేసులు, బకెట్లు, టేబుల్ లైట్లు, దిండ్లు, కాలు పెట్టడానికి చోటుండదు. కొనేటప్పుడు ఎంత ముచ్చటపడి కొన్నారో గానీ, వదిలిపోయేటప్పుడు వెనక్కి తిరిగి కూడా చూడరు. అదంతా చెత్తబండి ఎక్కిపోయేది. బొత్తాలత్త ఆ బండి అతన్ని బతిమాలి, పనికొచ్చేవన్నీ ఏరి, మూటలు కట్టి తన గదికి చేర్చుకునేది. వారం పాటు ఆ గదిలోంచి సబ్బు వాసన తప్ప మరో వాసన వచ్చేది కాదు.

ఆవిడ అసలు పని ఆ తర్వాతే మొదలయ్యేది. ముందు ప్రతి బట్టకూ బొత్తాలు ఊడదీసేది. ఈ చొక్కావి ఆ కోటుకు, ఆ కోటువి ఈ గౌనుకు. కాలరు విప్పి వేరే కాలరు వేసేది. పొడుగు చేతులు పొట్టి చేతులయ్యేవి. రొమ్ము మీది జేబు మాయమై నడుం దగ్గర తేలేది. తెల్లది ముదురు నీలంగా మారేది. బకెట్ల మీద గోళ్ళరంగుతో రాసుకున్న పేర్లను కూడా బ్లేడుతో గీకి తీసేసేది. వేసుకుని తిరిగిన పిల్లే ఎదురుగా వచ్చి నిలబడినా ఇది నాదని అనగలిగేది కాదు. ఆవిడకు ఆ పేరు రావడం అందుకే.

ఆ గదికి బోర్డు లేదు. అక్కడికి వచ్చి నాకో చొక్కా కావాలని ఎవరూ అడగరు. చంకలో ఏదో ఒక గుడ్డ పెట్టుకుని వస్తారు. "అత్తా, దీన్ని కాస్త వదులు చెయ్యాలి" అంటారు. ఆవిడ మెడలోని టేపు తీసి కొలతలు తీసుకుంటుంది, రేపు రమ్మంటుంది. మర్నాడు వాళ్ళ గుడ్డతో పాటు కాగితంలో చుట్టిన ఇంకోటి చేతిలో పెడుతుంది. "నువ్వు కుట్టమన్నది అయిపోయిందమ్మా, సరిపోయిందో లేదో చూసుకో" అంటుంది. వాళ్ళు కుట్టుకూలి అని ఎంతో కొంత దారాల డబ్బాలో వేసి వెళతారు. ఎవరూ ఎవరికీ ఇచ్చినట్టూ ఉండదు, ఎవరూ పుచ్చుకున్నట్టూ ఉండదు. దర్జీ దగ్గరికి వెళ్ళొచ్చారు, అంతే.

నాకది మొదట్లో చాదస్తంగా తోచింది.

"బాగున్న బొత్తాలు పీకి, మళ్ళీ బాగున్న బొత్తాలే కుడతావు. ఎందుకు వదినా నీకీ అవస్థ?" అన్నాను ఒకరోజు.

"ఇచ్చినవాళ్ళూ ఇక్కడే తిరుగుతుంటారు, తీసుకున్నవాళ్ళూ ఇక్కడే తిరుగుతుంటారు వదినా. ఒకే మెట్లెక్కాలి, ఒకే బెంచీ మీద కూచోవాలి." పంటితో దారం తెంచి, మళ్ళీ తనే చెప్పింది. "మా చెల్లెలు ఒక గౌను మూలాన బడి మానేసింది. అమ్మ పనిచేసే ఇంటివాళ్ళు ఇచ్చారు దాన్ని. ఆ ఇంటి పిల్లా మా చెల్లెలూ ఒకటే క్లాసు. ఆ పిల్ల ఏమీ అనలేదు పాపం. 'ఇది నాదే కదూ' అని నవ్విందంట, అంతే."

"అంతమాత్రానికే?"

"అంతమాత్రానికే. మళ్ళీ బడి మొహం చూడలేదు."

ఆ తర్వాత నేనెప్పుడూ ఆవిడ బొత్తాల జోలికి పోలేదు. మా ఇంట్లో ఊడిన బొత్తాలు కూడా తెచ్చి ఇచ్చేదాన్ని.

బొత్తాలత్తకు పిల్లల్లేరు, భర్త ఎప్పుడో పోయాడు. కాలేజీ పిల్లల్లో ఎవరి మీదా ప్రత్యేకంగా ప్రేమ చూపించేది కాదు, అలా చూపిస్తే పదిమంది కళ్ళూ ఆ పిల్ల మీద పడతాయని. కానీ పొడుగమ్మాయి వచ్చాక ఆ పట్టుదల సడలింది.

పొడుగమ్మాయి మొదటిసారి వచ్చిన రోజు నేనక్కడే టీ తాగుతూ కూచున్నాను. తలుపు దగ్గర తల వంచుకుని నిలబడింది, కొంత సిగ్గుతో, కొంత ఆ తలుపు ఎత్తు చాలక. అందరూ ఏదో ఒక బట్ట పట్టుకెళతారని ఎవరో చెప్పినట్టున్నారు. ఈ పిల్లకు ఒంటి మీదిది తప్ప తేవడానికి ఏమీ దొరకలేదు. చేతిరుమాలు తెచ్చింది.

"అత్తా, దీన్ని కాస్త... వదులు చెయ్యాలి" అంది.

నాకు నవ్వాగక టీ పొలమారింది. బొత్తాలత్త నవ్వలేదు. ఆ రుమాలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఆఁ, బాగా బిగుతైపోయింది. ఇటు తిరుగు, భుజాలు కొలవాలి" అంది. ఆ పిల్ల బుద్ధిగా తిరిగి నిలబడింది. మర్నాడు రుమాలుకు అంచు కుట్టి ఇచ్చింది, దాంతో పాటు రెండు చొక్కాలూ ఒక ప్యాంటూ ఇచ్చింది. నేను మాత్రం ఆ రోజంతా తలుచుకుని నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

పొడుగమ్మాయి తల్లి పెద్దాసుపత్రి లాండ్రీలో బట్టలు ఉతుకుతుంది. తండ్రి లేడు. పిల్ల లెక్కల్లో దిట్ట. కొట్టివేత లేకుండా లెక్క చేస్తుందని మాస్టార్లు చెప్పుకునేవారు. బొత్తాలత్తకు చూపు మందగించడం కనిపెట్టి, పొద్దున్నే క్లాసులకు ముందు వచ్చి సూదులన్నిటికీ దారాలు ఎక్కించి పోయేది. సాయంత్రాలు మిషను పక్కన నేల మీద కూచుని చదువుకునేది. "మీ అమ్మకేం చెప్పావే ఈ బట్టల గురించి?" అని ఒకసారి అడిగాను. "కాలేజీలో దర్జీ ఉంది, చదువుకునే పిల్లలకి కుట్టి ఇస్తుందని చెప్పా మేడమ్. అబద్ధమేం కాదు కదా?" అంది. వాళ్ళమ్మ ఆ మాట లాండ్రీలో అందరికీ చెప్పుకుని మురిసిపోయేదట.

"ఈ పిల్ల చదువు అయ్యేదాకా ఎవరి నోటా పడకుండా కాపాడుకుంటే చాలు వదినా, నాకింకేం వద్దు" అనేది బొత్తాలత్త. ఆవిడ ఒకటి కోరుకోవడం నేను వినడం అదే మొదలు.

అలాంటి సమయంలో కాలేజీలో పచ్చదనం సంఘం పుట్టింది. వాడినదే మళ్ళీ వాడాలి, భూమిని చెత్తకుప్ప చెయ్యకూడదు అని వాళ్ళ మాట. మంచి మాటే, ఎవరు కాదంటారు? కాకపోతే పాత బట్టలు వేసుకోండని చెప్పడానికి సంఘం వాళ్ళందరూ కొత్త టీషర్టులు కుట్టించుకున్నారు. ఆ సంగతి వాళ్ళ మొహం మీదే అన్నాను. నవ్వేశారు. ఈ కాలం పిల్లల్ని తిట్టినా దులుపుకుని పోతారు.

ఆ సంఘం లీడరమ్మాయికి ఎలా తెలిసిందో, ఒకరోజు మెట్ల కింది గదికి వచ్చింది. మూటలు, మిషను, దండెం మీద ఆరేసిన బట్టలు చూసి కళ్ళు ఇంతలేసి చేసుకుంది. "అత్తా, మీరు చేస్తున్నది ఎంత గొప్ప పనో మీకు తెలుసా? దీన్ని ఇలా చీకట్లో దాచేశారేంటి?" అంది. నిజంగానే ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బుద్ధి మంచిది, మనసు మంచిది. అందుకే నాకు దాన్ని కడుపారా తిట్టే అవకాశం కూడా లేకుండా పోయింది.

ప్రిన్సిపాలుకు ఆ ఆలోచన తెగ నచ్చింది. క్యాంటీను పక్కన అద్దాల గది ఖాళీ చేయించారు. హ్యాంగర్లు వచ్చాయి, నిలువుటద్దం వచ్చింది, రంగురంగుల బోర్డు వచ్చింది. బొత్తాలత్త మిషనునూ అక్కడికే మార్చి, గది తాళాలు ఆవిడ చేతిలో పెట్టారు. ప్రతి బట్టకూ ఒక చీటీ కట్టాలన్నారు. ఇచ్చినవాళ్ళు ఆ బట్టతో తమకున్న జ్ఞాపకం దాని మీద రాయాలట. బొత్తాలత్త అది విని ఉలిక్కిపడింది.

"ఎవరిదో తెలియకూడదమ్మా. అందుకే కదా నేను మార్చి కుట్టేది."

"అదే వద్దంటున్నా అత్తా. బాగున్నదాన్ని కోసి మళ్ళీ కుడితే దారం వృథా, మీ శ్రమ వృథా. రంగు వేసిన నీళ్ళు ఎక్కడికి పోతాయో ఆలోచించండి. ఉన్నది ఉన్నట్టే ఇద్దాం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? చూడండి, ఈ స్వెటరు పాతదే, నేను గర్వంగా వేసుకోవట్లేదూ?"

వేసుకోదూ మరి! ఆ అమ్మాయి ఇంట్లో బీరువా నిండా బట్టలున్నాయి. పాత స్వెటరు విప్పేస్తే కొత్తది ఉందని చూసేవాళ్ళకు తెలుసు, తనకూ తెలుసు. విప్పితే ఇంకోటి లేనివాళ్ళు కూడా అలాంటి స్వెటరే వేసుకుంటారు, కానీ వాళ్ళు గర్వంగా వేసుకోలేరు. ఈ చిన్న సంగతి ఆ అమ్మాయి బుర్రకు ఎక్కలేదు. చెప్పబోయాను. "మేడమ్, కాలం మారింది" అని నన్ను ఓదార్చింది.

అద్దాల గదికి జనం విరగబడ్డారు. మంచి స్వెటర్లు పొద్దున తలుపు తీసీ తియ్యగానే అయిపోయేవి. అందరూ అద్దం ముందు నిలబడి ఫొటోలు తీసుకునేవారు. బొత్తాలత్త ఫొటో కూడా తీసి గోడకెక్కించారు. చంకలో గుడ్డ పెట్టుకుని వచ్చేవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే మానేశారు. క్యాంటీను మొత్తం చూస్తుండగా ఎవరు వస్తారు? ఆవిడ గుమ్మం వైపు చూస్తూ కూచునేది. "వాళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారో వదినా ఈ చలికి" అనేది. పొడుగమ్మాయి ఒక్కతే వచ్చేది, అదీ పొద్దున్నే ఎవరూ లేనప్పుడు, సూదులకు దారాలు ఎక్కించడానికి.

ఆ ఏడాది పొడుగమ్మాయి లెక్కల్లో అందరికంటే ముందు నిలిచింది. వార్షికోత్సవంలో వేదిక మీద పతకం ఇస్తారని కబురొచ్చింది. బొత్తాలత్త ఆ రోజు కూచుంటే లేవలేదు, లేస్తే కూచోలేదు. వేదిక ఎక్కేటప్పుడు ఆ పిల్ల ఏం వేసుకోవాలన్నదే ఆవిడ ధ్యాస.

అప్పుడు తీసింది ఆ కోటు. ఆఖరేడు పిల్లలు వదిలేసి వెళ్ళిన మూటల్లో ఒకదాని అడుగున దొరికిందట. చీటీ లేదు. ముదురు గోధుమరంగు ఉన్ని కోటు, మోకాళ్ళ దాకా వస్తుంది. నన్ను పిలిచి దాన్ని తిరగేసి లోపలివైపు చూపించింది.

"చూడు వదినా. లోపలి గుడ్డ మొత్తం చేత్తో కుట్టారు. ఈ కాజాలు చూడు, ఒక్క పోగు బయటికి రాలేదు. కుట్టు ఎక్కడ మొదలైందో వెతుకు, నీకు కనిపిస్తుందేమో."

నాకు కుట్టుపని ఏం తెలుసు? అయినా ఆవిడ మొహం చూస్తే అర్థమైంది. బట్టను కాదు, ఆ బట్ట కుట్టిన చేతిని చూస్తోంది. కత్తెర తీసి కాలరు దగ్గర పెట్టింది. మళ్ళీ తీసేసింది. బొత్తం పట్టుకుని, వదిలేసింది.

"చేయి రావడం లేదు వదినా. ఇన్నేళ్ళుగా ఎన్ని విప్పాను! దీన్ని విప్పితే పాపం తగులుతుందేమో అనిపిస్తోంది."

"విప్పకుండా ఇస్తే నీకు నిద్ర పడుతుందా?" అన్నాను.

"ఇది ఆఖరేడు వాళ్ళది. వాళ్ళు చదువు ముగించుకుని వెళ్ళిపోయారు. ఇక ఇక్కడ గుర్తుపట్టేవాళ్ళు ఎవరున్నారు?" అంది. కత్తెర పక్కన పెట్టేసి, "ఆ లీడరమ్మాయి చెప్పేది కూడా నిజమేనేమో. కాలం మారిందేమో" అంది.

పొడుగమ్మాయి వేసుకుని చూసుకుంది. భుజాలు, నడుం, చేతులు, అన్నీ కొలతలు తీసి కుట్టినట్టు అమరాయి. ఆ పిల్ల వీపు నిటారుగా పెట్టి నిలబడటం మేం అంతవరకూ చూడలేదు. ఎప్పుడూ ఎత్తు కనపడకూడదని వంగి నడిచేది. "అత్తా, నేనేనా?" అంది అద్దంలో చూసుకుని. బొత్తాలత్త ఆ భుజాల మీద లేని దుమ్ము దులిపింది.

వార్షికోత్సవానికి బొత్తాలత్త ఏనాడూ వెళ్ళేది కాదు. ఆవిడ సంబరమంతా గదిలోనే, మిషను ముందే. అందుకే అలాంటి రోజున పాత విద్యార్థులను కూడా పిలుస్తారన్న సంగతి ఆవిడకు తెలియదు. నాకు తెలుసు గానీ, ఆ కోటుకూ ఈ పిలుపుకూ ముడిపెట్టి చూసే తెలివి ఆ పూట ఎవరికీ లేకపోయింది.

పొడుగమ్మాయి బలవంతం మీద ఆవిడా నేనూ వెనక వరసలో కూచున్నాం. పక్కన వాళ్ళమ్మ. సన్నటి మనిషి, నీళ్ళలో నాని తెల్లబడిన చేతులు. కూతురు మమ్మల్ని చూపించి ముందుకు వెళ్ళగానే ఆవిడ బొత్తాలత్త రెండు చేతులూ పట్టుకుంది.

"మీరేనా అమ్మా మా పిల్లకి కుడుతున్నది? ఎంత చక్కగా కుట్టారు ఆ కోటు! మా లాండ్రీకి పెద్ద పెద్ద వాళ్ళ బట్టలొస్తాయి, ఇంత పనితనం నేను చూడలేదు."

బొత్తాలత్త తల దించుకుంది. "పిల్ల మంచిదమ్మా" అని మాత్రం అంది.

పొడుగమ్మాయి పేరు పిలిచారు. వేదిక ఎక్కింది. పతకం మెడలో వేశారు. వాళ్ళమ్మ లేచి నిలబడింది, వెనకవాళ్ళు కూచోమన్నా కూచోలేదు. అప్పుడే ముందు వరసలోంచి ఒకమ్మాయి గబగబా మెట్లెక్కింది. అంతే పొడుగు, పోయినేడు చదువు ముగించిన పిల్ల. పొడుగమ్మాయిని గట్టిగా కావలించుకుంది.

"ఇది నా కోటే! మా అమ్మ కుట్టింది! నాకు ఇంకోటి కుట్టిందని దీన్ని వదిలేశా. నీకు ఎంత బాగుందో తెలుసా?"

మైకు పక్కనే ఉంది. ఆ మాట హాలంతా వినపడింది. లీడరమ్మాయి సంతోషం పట్టలేక మైకు అందుకుంది. "చూశారా! మన అద్దాల గది చేసిన పని ఇదే. ఒకరు వదిలేసిన కోటు ఇవాళ పతకం అందుకుంది. ఈమెకు గట్టిగా చప్పట్లు కొట్టండి!" అంది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. పతకానికి కొట్టిన వాటికంటే ఎక్కువ కొట్టారు. ఒక్కరి మనసులోనూ చెడు లేదు, ఒట్టేసి చెబుతాను. అయినా ఆ చప్పుడు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

పొడుగమ్మాయి నవ్వుదామని చూసింది. వీపు మళ్ళీ వంగిపోయింది. మా వైపు, వాళ్ళమ్మ వైపు చూసింది.

వాళ్ళమ్మ మా వరస దాటి బయటికొచ్చింది. నడుచుకుంటూ వేదిక దగ్గరికి వెళ్ళింది. కూతురు మెట్లు దిగగానే పతకం పక్కకు జరిపి, కోటు బొత్తాలు తనే విప్పి, చేతుల్లోంచి నెమ్మదిగా లాగింది. లాండ్రీలో మడిచినట్టు మడిచింది, ఒక్క ముడత లేకుండా. ఆ పాత విద్యార్థిని చేతుల్లో పెట్టింది.

"మీదమ్మా" అంది.

"అయ్యో, నాకొద్దండీ! అది తనకే..." అని ఆ పిల్ల తడబడింది. అప్పటికే తల్లీ కూతుళ్ళు హాలు దాటిపోయారు. బయట చలి కొరికేస్తోంది. పొడుగమ్మాయి ఒంటి మీద పల్చటి చొక్కా ఒక్కటే. బొత్తాలత్త వాళ్ళ వెనక పరుగెత్తింది గానీ గేటు దాకా వెళ్ళి ఆగిపోయింది. వెళ్ళి ఏం చెప్పాలో తెలియలేదంది.

మర్నాడు లీడరమ్మాయి ఏడుస్తూ కోటు తెచ్చి ఇచ్చింది. "నేనేం తప్పు చేశానత్తా? మెచ్చుకున్నానే గానీ..." అంది. నేను నోరు తెరిచాను. నా దగ్గర చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. బొత్తాలత్త నా చేయి నొక్కి ఆపేసింది.

"నీ తప్పు కాదమ్మా. విప్పాల్సింది నేను, విప్పలేదు" అంది.

పొడుగమ్మాయి ఆ వారం రాలేదు. ఆ నెలా రాలేదు. బొత్తాలత్త అద్దాల గది తాళాలు ప్రిన్సిపాలుకు ఇచ్చేసి, మిషను మళ్ళీ మెట్ల కిందికి మార్పించుకుంది. కోటు బల్ల మీద పరిచి, ఈసారి కత్తెర ఆపకుండా విప్పింది. కాలరు, చేతులు, జేబులు, లోపలి గుడ్డ, దేనికది వేరు చేసింది. ముదురు నీలం రంగు వేసింది. నడుం దాకా వచ్చే పొట్టి కోటుగా కుట్టింది. ఆ పాత కుట్టు కంటే అందంగా కుట్టాలని పంతం పట్టి కుట్టింది. చూపు ఆనక సూది ఎన్నిసార్లు వేలికి గుచ్చుకుందో. "ఇప్పుడు కుట్టినావిడ వచ్చినా గుర్తుపట్టదు వదినా. పద, ఇచ్చొద్దాం. పిల్లని రమ్మని చెబుదాం" అంది. ఆశ ఎంత చెడ్డదో ఆవిడ మొహంలో చూశాను.

ఆసుపత్రి వెనక వరస ఇళ్ళు. పక్కనే లాండ్రీ, ఎప్పుడూ ఆవిరి కక్కుతూ ఉంటుంది. తీగల మీద తెల్ల దుప్పట్లు బారులు తీరి ఉన్నాయి. వాళ్ళమ్మ మమ్మల్ని చూసి మొహం తిప్పుకోలేదు. కుర్చీలు తుడిచి వేసింది, టీ ఇచ్చింది. బొత్తాలత్త కాగితం విప్పి కోటు ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ అంచులు తడిమి, లోపల తిప్పి చూసింది.

"మీ చెయ్యి మంచిదమ్మా. నా పిల్లని కన్నబిడ్డలా చూసుకున్నారు, నాకు తెలుసు. మీ మీద నాకు కోపం లేదు" అంది. "కానీ నేను రోజూ ఉతికే దుప్పట్ల మీద ఎవరి పేరూ ఉండదు. పేరు లేనంతమాత్రాన అవి నావనుకుంటానా? నా పిల్లా ఆ బట్టలు తనవని అనుకోలేకపోయింది. ఎన్ని బొత్తాలు మార్చినా, వేసుకునేటప్పుడల్లా దానికి తెలుసు."

బొత్తాలత్త మొహం పాలిపోయింది. ఇన్నేళ్ళ కష్టం ఆ ఒక్క మాటతో నీరుగారిపోవడం నేను పక్కనే కూచుని చూశాను. ఆవిణ్ణి ఎవరైనా కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

"చదువు మానిపించకండి" అన్నాను నేను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఇంకొక్క ఏడాది. అంత తెలివైన పిల్ల."

"నేను మానమనలేదమ్మా. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. అదే రానంటోంది."

అంతలో పొడుగమ్మాయి వచ్చింది. ఎవరో చెబితే పనిలోంచి వచ్చినట్టుంది, నుదుట చెమట, జుట్టు ఆవిరికి తడిసి అతుక్కుపోయి ఉంది. ఒంటి మీద లాండ్రీ వాళ్ళ లేత నీలం డ్రెస్సు, జేబు మీద ఆసుపత్రి గుర్తు, దాని కింద ఎర్రదారంతో కుట్టిన తన పేరు. మమ్మల్ని చూసి నవ్వింది. నాకు ముందు ఆ నవ్వు మీదే కోపమొచ్చింది.

"ఏమిటే ఇది? పతకం తెచ్చుకున్నదానివి, ఇక్కడ దుప్పట్లు పిండుతావా? పద కాలేజీకి!" అన్నాను.

"ఎలా రాను మేడమ్? అందరూ అంత మంచిగా చప్పట్లు కొట్టారు కదా. ఎవరైనా వెక్కిరించి ఉంటే పోట్లాడేదాన్ని. ఇప్పుడు ఎదురైన ప్రతివాళ్ళూ నన్ను చూసి నవ్వుతారు, ప్రేమగానే. నావల్ల కాదు."

ఇన్నేళ్ళు పుస్తకాల మధ్య బతికినదాన్ని, ఆ పిల్లకు చెప్పడానికి ఒక్క ముక్క దొరకలేదు.

బొత్తాలత్త లేచి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళింది. చెంప నిమరబోయి, ఆ డ్రెస్సు చూసి ఆగింది. పొడుగమ్మాయి ఆ చూపు కనిపెట్టి, చిన్నపిల్లలా జేబు మీది తన పేరు చూపించింది.

"కొత్తదత్తా. నాకోసమే కొలతలు తీసి కుట్టారు. నాకంటే ముందు ఎవరూ వేసుకోలేదు."

"బాగుందమ్మా. నీకు చాలా బాగుంది" అంది బొత్తాలత్త, కళ్ళనీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా. పొడుగమ్మాయి ఆవిడ భుజం మీద ఒక్క క్షణం తల ఆనించింది. షిఫ్టు ఇంకా అయిపోలేదని చెప్పి, దుప్పట్ల బారుల మధ్య నుంచి ఆవిరి గదుల వైపు వెళ్ళిపోయింది.